అరువు మీద సరుకు పంపుతున్నారా? ఎదుటి వ్యాపారి వివరాలు ప్రభుత్వ పోర్టళ్లలో ఇలా చూసుకోండి

గుంటూరు నుంచి ఇందోర్‌కు లారీ మిర్చి వెళ్లిందనుకోండి. కొన్నది ఎవరో ఫోన్‌లో గొంతు తప్ప తెలియదు. మొదటి లోడుకు డబ్బు చెప్పిన రోజే పడింది. రెండో లోడుకు వారం ఆలస్యమైంది. మూడోది పెద్ద లోడు. అది దిగాక ఫోన్ స్విచ్ఛాఫ్. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట: ఆ మనిషి ఎవరు, దుకాణం ఎక్కడ, ఇంకెవరికి బాకీ ఉన్నాడు?

ఈ ప్రశ్నల్లో చాలావాటికి జవాబు సరుకు పంపకముందే, అదీ పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. వెనకటికి ఈ సమాచారమంతా దళారి దగ్గర ఉండేది. ఫలానా ఊరి ఫలానా సేటు మంచివాడని ఆయన పూచీ పడితే సరుకు కదిలేది. ఇప్పుడు బేరాలు వాట్సాప్‌లో కుదురుతున్నాయి. పూచీ స్థానంలో ఒక విజిటింగ్ కార్డు, ఒక జీఎస్టీ సర్టిఫికెట్ ఫొటో వస్తున్నాయి. ఫొటో చూసి నమ్మేస్తున్నారు గానీ, ఆ ఫొటోలోని నంబరును పోర్టల్‌లో కొట్టి చూసేవాళ్లు తక్కువ.

ఎక్కడ ఏం దొరుకుతుందో, దొరికినదాన్ని ఎలా చదవాలో చూద్దాం.

జీఎస్టీ నంబరులో ఏముంది?

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఓ మోస్తరు వ్యాపారి ప్రతి ఒక్కరికీ 15 అక్షరాంకెల నంబరు ఉంటోంది. పోర్టల్ తెరవకముందే ఈ నంబరు కొన్ని సంగతులు చెప్పేస్తుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, కర్ణాటకకు 29, తమిళనాడుకు 33, మహారాష్ట్రకు 27, మధ్యప్రదేశ్‌కు 23. ఇందోర్ వ్యాపారినని చెప్పి 07తో మొదలయ్యే నంబరు ఇస్తే అది దిల్లీ రిజిస్ట్రేషన్. తప్పని కాదు, దిల్లీలోనూ ఆఫీసు ఉండొచ్చు. కానీ ఇందోర్ నంబరు కూడా ఇమ్మని అడగాల్సిన సందర్భం అది.

ఆ తర్వాతి పది అక్షరాంకెలు ఆ వ్యాపారి పాన్ నంబరు. ఇందులో నాలుగో అక్షరాన్ని, అంటే జీఎస్టీ నంబరులో ఆరోదాన్ని, జాగ్రత్తగా చూడండి. అక్కడ 'పి' ఉంటే అది ఒక వ్యక్తి సొంత వ్యాపారం. 'సి' ఉంటే కంపెనీ. 'ఎఫ్' ఉంటే భాగస్వామ్య సంస్థ లేదా ఎల్ఎల్‌పీ. 'హెచ్' అయితే హిందూ అవిభక్త కుటుంబం. 'టి' అయితే ట్రస్టు. కార్డు మీద ప్రైవేట్ లిమిటెడ్ అని అచ్చు వేయించుకుని, నంబరులో ఆరో అక్షరం 'పి' ఉంటే ఆ పేరు కంపెనీది కాదన్నమాట. పది సెకన్ల పని ఇది. నిజానికి ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తులేకపోయినా ఈ ఆరో అక్షరం గుర్తుంచుకోండి.

ఇక పోర్టల్. జీఎస్టీ వెబ్‌సైట్ మొదటి పేజీలోనే 'సెర్చ్ ట్యాక్స్‌పేయర్' అని ఉంటుంది. లాగిన్ అక్కర్లేదు. నంబరు కొట్టి, కనిపించే క్యాప్చా అంకెలు నింపితే చాలు. చట్టబద్ధమైన పేరు, వ్యాపార పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, ప్రధాన వ్యాపార చిరునామా, సంస్థ ఏ తరహాది, ఏం చేస్తుంది అన్నవి వస్తాయి. వీటిలో రెండు పేర్ల మధ్య తేడా గమనించాలి. 'శ్రీ లక్ష్మీ ట్రేడర్స్' లాంటిది వ్యాపార పేరు. చట్టబద్ధమైన పేరు దగ్గర ఉండేది అసలు మనిషి లేదా సంస్థ పేరు. రేపు నోటీసు పంపాల్సి వస్తే ఆ పేరు మీదే పంపాలి.

స్టేటస్ దగ్గర 'యాక్టివ్' అని ఉండాలి. 'సస్పెండెడ్' అంటే అధికారులు తాత్కాలికంగా నిలిపారు, లేదా రద్దు ప్రక్రియ నడుస్తోంది. 'క్యాన్సిల్డ్' అంటే ఆ నంబరుతో ఇక వ్యాపారం చేయకూడదు. అన్నిటికంటే ఎక్కువ చెప్పేది అదే పేజీలో ఉండే 'ఫైలింగ్ టేబుల్'. ఏ నెల రిటర్ను ఏ తేదీన వేశారో వరుసగా కనిపిస్తుంది. నెలనెలా వేసే మనిషి ఉన్నట్టుండి నాలుగు నెలలుగా వేయడం లేదంటే డబ్బు ఇబ్బందిలో ఉండొచ్చు. ప్రభుత్వానికి కట్టాల్సినదే కట్టనివాడు మీకు ముందు కడతాడనుకోవడం కష్టం.

ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశముంది. ఏడాది టర్నోవర్ 5 కోట్ల రూపాయల లోపు ఉన్నవాళ్లు జీఎస్టీఆర్-3బి రిటర్నును మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకోవచ్చు. వాళ్ల పట్టికలో మధ్య నెలలు ఖాళీగా కనిపిస్తాయి. అది ఎగవేత కాదు. అలాగే 'కాంపొజిషన్' అని ఉంటే చిన్న వ్యాపారుల పథకంలో ఉన్నారని అర్థం. వాళ్లు బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు. మీరు కొనుగోలుదారై, అలాంటివారు బిల్లులో 18 శాతం కలిపి ఇస్తే ఆ డబ్బుకు మీకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు.

ఇన్‌పుట్ క్రెడిట్ విషయానికే వస్తే, కొనేవాళ్లకు ఈ వెతుకులాట ఇంకా అవసరం. అమ్మినవాడు తన రిటర్నులో మీ బిల్లు చూపించి, అది మీ జీఎస్టీఆర్-2బిలో కనిపిస్తేనే క్రెడిట్ తీసుకోవడానికి వీలు. 2022 జనవరి 1 నుంచి ఇదే నిబంధన. అతను పన్ను ప్రభుత్వానికి కట్టి ఉండాలని కూడా చట్టం చెబుతోంది. అంటే అతని ఎగవేత చివరికి మీ జేబుకే చిల్లు పెడుతుంది.

జీఎస్టీ నంబరే లేదంటున్నారా? దానికదే అనుమానించాల్సిన విషయం కాదు. సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా, తెలంగాణలో 20 లక్షల దాకా సాధారణంగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ ఒక్క లోడుకే పాతిక లక్షల ఆర్డర్ ఇచ్చే మనిషి నాకు నంబరు లేదంటే లెక్క కుదరదు.

నంబరు నిజమే, ఫోన్ చేసిన మనిషి?

మోసాల్లో ఎక్కువగా జరిగేది ఇదే. జీఎస్టీ నంబర్లు రహస్యం కావు. ఏ బిల్లు మీదైనా ఉంటాయి. పేరున్న ఒక సంస్థ నంబరు ఎత్తుకుని, ఆ సంస్థ మనిషినంటూ ఎవరైనా ఆర్డర్ ఇవ్వొచ్చు. మీరు పోర్టల్‌లో చూస్తే అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి, ఎందుకంటే సంస్థ నిజమైనదే. మనిషే కాదు.

కాబట్టి పోర్టల్‌లో చూసిన చిరునామాను వాడుకోండి. సరుకు దించమన్న చోటు వేరేగా ఉంటే ఎందుకని అడగండి. బిల్లు ఒకచోటికి, సరుకు మరోచోటికి పంపడం వ్యాపారంలో మామూలే, కానీ కారణం చెప్పగలగాలి. మీకు ఫోన్ చేసిన నంబరుకే తిరిగి చేసి నిర్ధారించుకుంటే ఉపయోగం లేదు. ఆ సంస్థ పాత బిల్లు మీదో, బోర్డు మీదో ఉన్న నంబరుకు చేయాలి. ఆ ఊళ్లో తెలిసినవాళ్లుంటే ఒకసారి దుకాణం వైపు వెళ్లి రమ్మనడం ఇప్పటికీ పనికొచ్చే పద్ధతే.

మీరే అడ్వాన్సు పంపాల్సి వస్తే బ్యాంకు ఖాతా పేరు చూడండి. నెఫ్ట్, ఆర్టీజీఎస్ చేసేముందు ఖాతాదారు పేరు కనిపించే సౌకర్యాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. సంస్థ పేరుతో బేరమాడి, ఎవరో వ్యక్తి ఖాతా నంబరు ఇస్తే అక్కడే ఆగిపోవాలి.

ఎదుటిది కంపెనీ అయితే

కంపెనీలకు 21 అక్షరాంకెల సీఐఎన్ నంబరు ఉంటుంది. లెటర్‌హెడ్ మీద, బిల్లు మీద పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాతో పాటు ఈ నంబరు వేయడం 2013 కంపెనీల చట్టం ప్రకారం తప్పనిసరి. అది లేని బిల్లు వస్తే అడగొచ్చు. నంబరు మొదట్లో 'ఎల్' ఉంటే స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ, 'యు' ఉంటే నమోదు కానిది. ఆ తర్వాత అయిదంకెలు వ్యాపార రంగానికి, రెండక్షరాలు రాష్ట్రానికి, నాలుగంకెలు కంపెనీ పుట్టిన సంవత్సరానికి గుర్తు. 'ఇరవై ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాం' అనే కంపెనీ నంబరులో 2023 అని ఉంటే, ఆ ఇరవై ఏళ్లు ఏ పేరుతో ఉన్నారో కనుక్కోండి.

కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో 'మాస్టర్ డేటా' చూస్తే కంపెనీ నడుస్తోందా, రిజిస్టర్ నుంచి కొట్టేశారా, దివాలా ప్రక్రియలో ఉందా అన్నది తెలుస్తుంది. డైరెక్టర్లెవరో, చివరి బ్యాలెన్స్ షీటు ఏ తేదీదో కూడా ఉంటుంది. చూడడానికి ముందు ఖాతా తెరవమని పోర్టల్ అడగొచ్చు. దానికి డబ్బు కట్టక్కర్లేదు. చివరి బ్యాలెన్స్ షీటు మూడేళ్ల కిందటిదైతే ఆ కంపెనీ లెక్కలు దాఖలు చేయడం మానేసిందని అర్థం.

చాలామంది పట్టించుకోనిది చెల్లించిన మూలధనం అంకె. ప్రైవేటు కంపెనీకి కనీస మూలధనం ఇంత ఉండాలన్న నిబంధనను 2015లో తీసేశారు. లక్ష రూపాయల మూలధనంతోనూ, అంతకన్నా తక్కువతోనూ కంపెనీలున్నాయి. అలాంటి కంపెనీకి 40 లక్షల సరుకు అరువిస్తే, రేపు కంపెనీ చేతులెత్తేసినప్పుడు డైరెక్టర్ల ఇళ్ల మీదకు వెళ్లడానికి మామూలుగా కుదరదు. బాకీ కంపెనీది, వాళ్లది కాదు. కారు చూసి, ఇల్లు చూసి అరువిచ్చేవాళ్లు మర్చిపోయేది ఇదే. ఆ ఇల్లు కూడా కావాలనుకుంటే డైరెక్టర్ దగ్గర వ్యక్తిగత హామీ పత్రం రాయించుకోవాలి.

అక్కడే 'ఛార్జెస్' అనే భాగం ఉంటుంది. కంపెనీ తన ఆస్తులు తనఖా పెట్టి ఏ బ్యాంకు దగ్గర ఎంత అప్పు తీసుకుందో అందులో ఉంటుంది. అప్పు ఉండడం తప్పు కాదు, బ్యాంకు నమ్మిందన్నదానికి గుర్తు కూడా. కానీ గోడౌన్‌లోని సరుకు, రావాల్సిన బాకీలు అన్నీ బ్యాంకుకు తనఖా ఉంటే, కంపెనీ మునిగిన రోజున వరుసలో బ్యాంకు ముందుంటుంది, మీరు వెనక.

ఇంకా లోతుగా చూడాలంటే 100 రూపాయలు కట్టి ఆ కంపెనీ దాఖలు చేసిన బ్యాలెన్స్ షీట్లు, వార్షిక రిటర్నులు తెరిచి చదవొచ్చు. రిజిస్ట్రార్ దగ్గరున్న పత్రాలను ఎవరైనా రుసుం కట్టి చూడొచ్చని చట్టంలోనే ఉంది. పెద్ద అరువైతే ఆ పత్రాలను మీ ఆడిటర్ చేతికివ్వండి. అరగంటలో సంగతి చెప్పేస్తారు.

సిబ్బంది ఎంతమంది ఉన్నారో తెలుసుకోవడానికి ఇంకో దారి ఉంది. భవిష్యనిధి సంస్థ వెబ్‌సైట్‌లో సంస్థ పేరుతో వెతికితే, ఏ నెలలో ఎంతమందికి పీఎఫ్ కట్టారో వస్తుంది. వందమంది పనిచేస్తున్నారని చెప్పిన చోట ఆరుగురికే కడుతుంటే మిగతాది మీరే ఊహించుకోవచ్చు.

భాగస్వామ్య సంస్థ అయితే

ఇక్కడ పోర్టళ్లు అంతగా సాయపడవు. భాగస్వామ్య సంస్థల నమోదు మన రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ చూస్తుంది. నమోదైందా, భాగస్వాములెవరు అన్నది ఆ రిజిస్టర్లో ఉంటుంది. ఒక అనుకూలత ఏమిటంటే, సంస్థ బాకీకి భాగస్వాములందరూ సొంత ఆస్తులతో సహా బాధ్యులు.

మీదే భాగస్వామ్య సంస్థ అయితే ఇంకో మాట. 1932 నాటి భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం నమోదు కాని సంస్థ తన ఒప్పందం మీద రావాల్సిన డబ్బు కోసం ఇతరుల మీద దావా వేయలేదు. ఇతరులు మాత్రం దాని మీద వేయొచ్చు. అన్నదమ్ములు, బావామరుదులు కలిసి నడిపే దుకాణాల్లో ఈ నమోదు లేనివి చాలా కనిపిస్తాయి. బాకీ వసూలు కోసం వకీలు దగ్గరికి వెళ్లాకే సంగతి తెలుస్తుంది.

కేసులున్నాయా?

ఈ-కోర్ట్స్ సైటులో రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని కక్షిదారు పేరుతో వెతకొచ్చు. చెక్ బౌన్స్ కేసులు వరుసగా ఉంటే ఇక వేరే పరిశోధన అక్కర్లేదు. అయితే పేర్లతో జాగ్రత్త. ఒకే పేరుతో పదిమంది ఉంటారు. తండ్రి పేరు, చిరునామా సరిపోలకుండా ఎవరి మీదా ముద్ర వేయకండి. సంస్థ పేరుతో వెతికితే ఫలితం ఎక్కువ నమ్మదగింది.

బ్యాంకులు దావా వేసిన కోటి రూపాయలు, ఆపైన ఎగవేతదారుల జాబితాలు, 25 లక్షలు, ఆపైన ఉద్దేశపూర్వక ఎగవేతదారుల జాబితాలు సిబిల్ వంటి క్రెడిట్ సమాచార సంస్థల సైట్లలో ఉచితంగా ఉంటాయి. దివాలా బోర్డు సైటులో కంపెనీల మీద ప్రక్రియ మొదలైనప్పుడల్లా బహిరంగ ప్రకటన పెడతారు. మీకు బాకీ ఉన్న కంపెనీ పేరు అందులో వస్తే, ప్రకటనలో ఇచ్చిన గడువులోగా క్లెయిం దాఖలు చేయాలి. తాత్కాలిక దివాలా నిపుణుడి నియామకం నుంచి ఇచ్చే గడువు 14 రోజులే. పక్క ఊళ్లో కూర్చుని మనకెవరూ చెప్పలేదంటే కుదరదు.

ఆహార సరుకైతే బిల్లు మీది 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరును ఆ సంస్థ పోర్టల్‌లో, ఐఎస్ఐ గుర్తు సరుకైతే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు.

మీ పేరు కూడా రిజిస్టర్లో ఉండాలి

ఎదుటివాళ్ల గురించి ఇంత వెతికాక, మీ వైపు ఒకటి చూసుకోండి. మీరు తయారీదారో, సేవలందించేవారో అయి, సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ కిందకు వస్తే ఉద్యమ్ నమోదు చేసుకోండి. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాల మీద పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్లు దాటనివన్నీ చిన్న సంస్థలే. నమోదు ఉంటే, 2006 నాటి చట్టం కింద కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించి డబ్బు ఆపకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ. రాకపోతే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

వడ్డీ కన్నా ఎక్కువ పనిచేస్తున్నది పన్ను నిబంధన. గడువు దాటాక చెల్లించే బాకీని, చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలని ఆదాయపు పన్ను చట్టంలో చేర్చారు. అందుకే మార్చి వచ్చేసరికి కొన్ని పెద్ద సంస్థలు ఉద్యమ్ సర్టిఫికెట్ పంపమని వాళ్లే అడుగుతున్నాయి.

హోల్‌సేల్, రిటైల్ వర్తకులకు ఈ రక్షణ లేదు. 2021 జులైలో వాళ్లనూ ఉద్యమ్‌లో చేర్చారు గానీ, బ్యాంకు రుణాల ప్రాధాన్యం వరకే. కొని అమ్మేవాళ్లు ఈ 45 రోజుల మాట నమ్ముకుని అరువివ్వొద్దు. వాళ్లకు ఉపయోగపడే అస్త్రం జీఎస్టీలో ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో మీకు డబ్బు చెల్లించకపోతే కొనుగోలుదారు తాను తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. బాకీ గుర్తుచేసే ఉత్తరంలో ఈ వాక్యం రాయండి.

ఉద్యమ్ నమోదుకు రుసుం లేదు. సైటు చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' లేకపోతే అది ప్రభుత్వానిది కాదు. సర్కారీ రంగులు, జాతీయ చిహ్నం లాంటి బొమ్మ పెట్టి వేలల్లో వసూలు చేసే సైట్లు గూగుల్‌లో ముందు వరుసలోనే కనిపిస్తాయి.

చూసినదాన్ని ఎక్కడ పెడుతున్నారు?

సమాచారం వెతకడం ఒక ఎత్తు, దాన్ని దుకాణంలో నిలుపుకోవడం ఇంకో ఎత్తు. ఏ సేటు డబ్బు ఎలా ఇస్తాడు, ఎవరి చెక్కు ఒకసారి వెనక్కి వచ్చింది అన్నది పాతికేళ్లుగా పనిచేస్తున్న గుమస్తా బుర్రలో ఉంటుంది. ఆయన మానేసిన రోజున ఆ జ్ఞానమంతా ఆయనతో పాటే వెళ్లిపోతుంది. కొత్త కుర్రాడు మళ్లీ అదే సేటుకు అరువిస్తాడు.

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. ఖాతాదారు ఒక్కొక్కరికి ఒక ఫోల్డర్ చాలు, కాగితందైనా, కంప్యూటర్లోదైనా. అందులో జీఎస్టీ పేజీ ప్రింటు చూసిన తేదీతో, కంపెనీ వివరాల పేజీ, ఒప్పందం లేదా ఆర్డర్ కాగితం, ఎంతవరకు అరువివ్వాలో మీరు పెట్టుకున్న పరిమితి, ఆలస్యమైన ప్రతిసారీ ఒక వాక్యం. పెద్ద ఖాతాలకు మూడు నెలలకోసారి జీఎస్టీ పట్టిక మళ్లీ చూడాలి. నిరుడు బాగున్న మనిషి ఈ ఏడాది బాగుండాలని లేదు.

వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లు యజమాని సొంత ఫోన్లోనే ఉండిపోతే ఫోన్ మారినప్పుడు పోతాయి. ఆ చాట్‌ను బ్యాకప్ తీసి ఫోల్డర్లో పెట్టండి, పాత ఫోన్ పారేయకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారాన్ని కోర్టులో పెట్టాలంటే దాంతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ సందేశం ఏ ఫోన్ నుంచి, ఎలా తీశారన్నది అందులో చెప్పాల్సి ఉంటుంది. జీఎస్టీ లెక్కలనైతే ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి.

బాకీ దావాకు కాలపరిమితి మూడేళ్లు. అరువు గడువు పెట్టి ఉంటే ఆ గడువు ముగిసిన రోజు నుంచి, లేకపోతే సరుకు అందించిన రోజు నుంచి లెక్క. ఆ మూడేళ్లు దాటకముందే బాకీ నిజమేనని ఎదుటివారు సంతకంతో రాసిస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. ఏటా మార్చి 31 నాటి నిల్వ ఇంత అని ఒక కాగితం పంపి, సంతకం పెట్టించి తెప్పించుకోవడం అందుకే. మొహమాటపడి ఆ కాగితం అడగనివాళ్లు నాలుగో ఏట వకీలు దగ్గరికి వెళితే, ఖాతా పుస్తకంలో బాకీ ఉంటుంది గానీ దావాకు గడువు మిగలదు.

చెక్కు వెనక్కి వస్తే లెక్క ఇంకా బిగువు. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక అవతలివారికి 15 రోజుల వ్యవధి, అప్పటికీ కట్టకపోతే నెలలోగా కోర్టులో ఫిర్యాదు. నోటీసు పంపాల్సిన పేరు, చిరునామా ఆ ఫోల్డర్లో మొదటి కాగితం మీదే ఉంటాయి.